ఆప్టోమెట్రీ కాలేజీ 'మారుతోంది' అంటే ఏం మారుతున్నట్టు? ప్రణాళిక, సిలబస్, చట్టం: విద్యార్థులు, తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన వివరాలు

ఇంటర్ బైపీసీ పూర్తయ్యాక ఎంబీబీఎస్ సీటు రాని విద్యార్థులకు ఇప్పుడు చాలామంది చెబుతున్న దారుల్లో ఆప్టోమెట్రీ ఒకటి. కంటి పరీక్ష, చష్మా, కాంటాక్ట్ లెన్స్, రెటీనా ఫొటో వంటి పనులు నేర్పే చదువు ఇది. హైదరాబాద్‌లో చష్మా దుకాణాలు నడిపే కుటుంబాల పిల్లలు కూడా దీని వైపు చూస్తున్నారు. అమ్మాయిలు కూడా ఇష్టపడి చేరుతున్నారు.

అయితే ఈ కాలేజీలు ప్రస్తుతం పెద్ద మార్పు మధ్యలో ఉన్నాయి. సిలబస్ మారుతోంది, విభాగాలు మారుతున్నాయి, అనుమతులిచ్చే పద్ధతి మారుతోంది. కాలేజీ బ్రోషర్లలో 'వ్యూహాత్మక ప్రణాళిక', 'అకడమిక్ పునర్వ్యవస్థీకరణ' అనే మాటలు కనబడుతున్నాయి. ఈ మాటలు యాజమాన్యాలకే సంబంధించినవి అనుకుంటే పొరపాటే. మార్పు సరిగ్గా జరిగితే విద్యార్థి చేతికి విలువైన డిగ్రీ వస్తుంది. సరిగ్గా జరగకపోతే నాలుగేళ్ల చదువు, ఇంట్లోవాళ్లు కట్టిన ఫీజు రెండూ ఇబ్బందుల్లో పడతాయి. అందుకే దీన్ని మొదటి నుంచి అర్థం చేసుకోవడం అవసరం.

ఆప్టోమెట్రిస్ట్ ఎవరు, కంటి డాక్టర్ ఎవరు?

జనం కన్ను చూసే ప్రతి ఒక్కరినీ 'కంటి డాక్టర్' అంటారు. నిజానికి ఇందులో నాలుగు రకాల వాళ్లున్నారు.

ఆప్తాల్మాలజిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ తర్వాత కంటి వైద్యంలో పీజీ చేసినవారు. మందులు, ఆపరేషన్లు వీరి పని. ఆప్టోమెట్రిస్ట్ అంటే చూపును కొలిచి, చష్మా నంబర్ తేల్చి, కాంటాక్ట్ లెన్స్ అమర్చి, మెల్లకన్ను, మందచూపు వంటి సమస్యలను గుర్తించి, జబ్బు అనుమానం ఉంటే డాక్టర్ దగ్గరికి పంపే నిపుణులు. డిగ్రీ చదువుతో ఈ అర్హత వస్తుంది. ఆప్తాల్మిక్ అసిస్టెంట్, విజన్ టెక్నీషియన్ అనేవాళ్లు ఇంకా తక్కువ కాలం శిక్షణ పొంది ప్రాథమిక స్థాయిలో పనిచేస్తారు. ఆప్టీషియన్ అంటే రాసిచ్చిన నంబర్ ప్రకారం అద్దాలు తయారుచేసి, ఫ్రేమ్ సరిచేసి ఇచ్చేవారు.

ఒక కాలేజీ ఈ నాలుగింటిలో ఎవరిని తయారుచేస్తోంది అన్నది మొదట స్పష్టంగా ఉండాలి. డిప్లొమా కోర్సుకు డిగ్రీ పేరు పెట్టినట్టు మాట్లాడటం, ఆప్టోమెట్రిస్ట్‌ను 'డాక్టర్' అని ప్రచారం చేయడం కనబడితే జాగ్రత్తపడాలి.

1958: అలీగఢ్, హైదరాబాద్

మన దేశంలో ఆప్టోమెట్రీ చదువు చరిత్రలో హైదరాబాద్‌కు మొదటి వరుసలో చోటుంది. 1958లో రెండు ఊళ్లలో ఆప్టోమెట్రీ స్కూళ్లు మొదలయ్యాయి. ఒకటి ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్ గాంధీ కంటి ఆస్పత్రిలో, రెండోది హైదరాబాద్ సరోజినీ దేవి కంటి ఆస్పత్రిలో. రెండూ రెండేళ్ల డిప్లొమా కోర్సులే. కంటి డాక్టర్ల కొరత ఉన్న రోజుల్లో, కనీసం చూపు పరీక్ష అయినా సరిగ్గా చేయగలిగే వాళ్లు ఉండాలన్నది అప్పటి ఆలోచన.

ఆ తర్వాత 1976లో ఢిల్లీ ఎయిమ్స్‌లోని డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ నేత్ర వైద్య కేంద్రంలో డిగ్రీ స్థాయి కోర్సు వచ్చింది. అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలైందీ అదే ఏడాది. 1985లో చెన్నైలో శంకర నేత్రాలయ తరఫున ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ మొదలై, నాలుగేళ్ల డిగ్రీని ముందుకు తెచ్చింది. హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి కూడా తన సొంత ఆప్టోమెట్రీ విద్యాసంస్థను నడుపుతోంది. ఇప్పుడు కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోని బీఎస్సీ అలైడ్ హెల్త్ కోర్సుల్లోనూ ఆప్టోమెట్రీ ఉంది. ఇవి కాకుండా ప్రైవేట్ యూనివర్సిటీలు, చిన్న చిన్న పారామెడికల్ కాలేజీలు కూడా ఈ కోర్సు పెట్టాయి.

ఇలా పెరగడంలోనే ఒక చిక్కు కూడా వచ్చింది. డాక్టర్లకు ఒక కౌన్సిల్, నర్సులకు ఒక కౌన్సిల్, ఫార్మసీకి ఒక కౌన్సిల్ ఉన్నాయి. ఆప్టోమెట్రీకి మాత్రం దశాబ్దాల పాటు దేశవ్యాప్తంగా చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. అందువల్ల ఒకచోట రెండేళ్లు, ఇంకోచోట మూడేళ్లు, మరోచోట నాలుగేళ్లు చదివిన వాళ్లంతా ఒకే పేరుతో బయటికొచ్చారు. ఒకరు వందల మంది పేషెంట్లను స్వయంగా పరీక్షించి వస్తే, ఇంకొకరు ల్యాబ్‌లో తోటి విద్యార్థుల కళ్లు మాత్రమే చూసి వచ్చారు. సర్టిఫికెట్ చూస్తే ఈ తేడా తెలియదు, రోగి ముందు కూర్చున్నప్పుడే తెలుస్తుంది.

2021 చట్టం ఏం చెబుతోంది?

ఈ పరిస్థితిని మార్చడానికి వచ్చిందే జాతీయ అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం, 2021. ఆ ఏడాది మార్చిలో పార్లమెంటు ఉభయ సభలు ఆమోదించాయి. ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ, రేడియాలజీ, న్యూట్రిషన్ వంటి 50కి పైగా వృత్తులను 10 వర్గాలుగా విభజించి ఈ చట్టం కిందికి తెచ్చారు. అందులో కంటికి సంబంధించిన వర్గంలో ఆప్టోమెట్రిస్ట్, ఆప్తాల్మిక్ అసిస్టెంట్, విజన్ టెక్నీషియన్ ఉన్నారు.

కాలేజీల దృష్టితో చూస్తే చట్టంలో ముఖ్యమైన అంశాలు ఇవి.

మొదటిది, చదువు గంటలు. 'అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్' అనిపించుకోవడానికి కనీసం 2,000 గంటల చదువు, రెండు నుంచి నాలుగేళ్ల వ్యవధి ఉండాలి. 'హెల్త్‌కేర్ ప్రొఫెషనల్' అనిపించుకోవడానికి కనీసం 3,600 గంటల చదువు, మూడు నుంచి ఆరేళ్ల వ్యవధి ఉండాలి. ఈ రెండు మాటల మధ్య తేడా హోదాకు సంబంధించింది, జీతానికీ సంబంధించింది.

రెండోది, ప్రమాణాలు. కోర్సు, సిలబస్, భవనం, పరికరాలు, అధ్యాపకుల అర్హత, పరీక్షలు, శిక్షణ, చివరికి గరిష్ఠ ట్యూషన్ ఫీజుకు కూడా ప్రమాణాలు పెట్టే అధికారం కమిషన్‌కు ఉంది. ఒకే తరహా ప్రవేశ, నిష్క్రమణ పరీక్షల ఆలోచన కూడా చట్టంలో ఉంది.

మూడోది, అనుమతి. ఇదే అన్నింటికంటే కీలకం. కొత్త కాలేజీ పెట్టాలన్నా, ఉన్న కాలేజీలో కొత్త కోర్సు తెరవాలన్నా, సీట్లు పెంచాలన్నా రాష్ట్ర కౌన్సిల్ ముందస్తు అనుమతి కావాలి. అనుమతి లేకుండా నడిపితే అక్కడ చదివిన విద్యార్థి అర్హతకు ఈ చట్టం కింద గుర్తింపు ఉండదు. అంటే తప్పు చేసేది యాజమాన్యం, నష్టపోయేది విద్యార్థి.

నాలుగోది, రిజిస్ట్రేషన్. రాష్ట్ర రిజిస్టర్‌లో గానీ జాతీయ రిజిస్టర్‌లో గానీ పేరు ఉన్నవాళ్లే ప్రాక్టీస్ చేయాలి. ఉల్లంఘిస్తే 50 వేల రూపాయల వరకు జరిమానా ఉంది.

చట్టం వచ్చినా చాలా రాష్ట్రాలు కౌన్సిళ్లు ఏర్పాటు చేయడంలో ఆలస్యం చేశాయి. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 ఆగస్టులో కోర్టు కేంద్రానికి, రాష్ట్రాలకు రెండు నెలల గడువు ఇస్తూ చట్టాన్ని అమలు చేయాలని ఆదేశించింది. ఇక ఇప్పుడు కాలేజీల ముందున్న ప్రశ్న ఒక్కటే. పాత పద్ధతిలో నడిచిన సంస్థను కొత్త ప్రమాణాలకు ఎలా సరిపెట్టాలి? ఇక్కడే ప్రణాళిక అవసరం వస్తుంది.

వ్యూహాత్మక ప్రణాళిక అంటే అసలు ఏంటి?

పేరు పెద్దగా ఉన్నా విషయం సులువే. రానున్న ఐదేళ్లలో కాలేజీ ఎక్కడికి చేరాలి, దానికి ఏం కావాలి, ఎవరు ఏ తేదీలోపు ఏం చేయాలి, చేశామని ఎలా తెలుస్తుంది అన్నవి కాగితం మీద రాసుకోవడమే. దుకాణం నడిపే వ్యక్తి ఏడాది మొదట్లో సరుకు, అప్పు, అద్దె, అమ్మకం లెక్క వేసుకున్నట్టే. కాకపోతే ఇక్కడ సరుకు చదువు.

మంచి ప్రణాళికలో సాధారణంగా ఐదు మెట్లు ఉంటాయి.

మొదటి మెట్టు, ఉన్నది ఉన్నట్టు చూసుకోవడం. ఎన్ని సీట్లు ఉన్నాయి, ఎన్ని నిండుతున్నాయి, మధ్యలో మానేస్తున్న వాళ్లెందరు, చివరి ఏడాది విద్యార్థి రోజుకు ఎంతమంది పేషెంట్లను చూస్తున్నాడు, చదువు అయ్యాక ఎక్కడ పని దొరుకుతోంది? ఈ లెక్కలు నిజాయితీగా తీయని కాలేజీ వేసే ప్రణాళిక బ్రోషర్‌కే పనికొస్తుంది.

రెండో మెట్టు, కాలేజీ ఏం కావాలనుకుంటోందో తేల్చుకోవడం. పల్లెల్లో విజన్ సెంటర్లకు మనుషుల్ని ఇవ్వాలా, ఆస్పత్రులకు నిపుణుల్ని ఇవ్వాలా, పరిశోధన వైపు పంపాలా? అన్నీ చేస్తామనే కాలేజీ ఏదీ సరిగ్గా చేయలేకపోవచ్చు.

మూడో మెట్టు, అందరినీ అడగడం. అధ్యాపకులు, విద్యార్థులు, పాత విద్యార్థులు, కంటి డాక్టర్లు, ఉద్యోగాలిచ్చే సంస్థలు, వీలైతే పేషెంట్లు కూడా. కమిటీలో యాజమాన్యం మాత్రమే కూర్చుంటే క్లినిక్‌లో జరిగేది బల్ల మీదికి రాదు.

నాలుగో మెట్టు, డబ్బు, మనుషులు, గడువు. ప్రతి లక్ష్యం పక్కన దాని ఖర్చు, బాధ్యుడి పేరు, తేదీ ఉండాలి.

ఐదో మెట్టు, కొలవడం. 'నాణ్యత పెంచుతాం' అంటే కొలవలేం. 'ప్రతి విద్యార్థి డిగ్రీ పూర్తయ్యేలోపు ఇన్ని రెటినోస్కోపీలు, ఇన్ని కాంటాక్ట్ లెన్స్ ఫిట్టింగులు స్వయంగా చేసి లాగ్‌బుక్‌లో సంతకం తీసుకోవాలి' అంటే కొలవగలం.

సిలబస్, విభాగాలు ఎలా మారతాయి?

అకడమిక్ పునర్వ్యవస్థీకరణ అంటే కాలేజీ లోపలి నిర్మాణాన్ని మార్చడం. పాత పద్ధతిలో ఫిజిక్స్ వాళ్లు ఆప్టిక్స్ చెబుతారు, అనాటమీ వాళ్లు కంటి నిర్మాణం చెబుతారు, డాక్టర్లు జబ్బుల గురించి చెబుతారు. ఎవరి గది వారిది. విద్యార్థి ఈ ముక్కలన్నీ తనే కలుపుకోవాలి. కొత్త పద్ధతిలో విభాగాలు పనిని బట్టి ఏర్పడతాయి. ప్రాథమిక కంటి పరీక్ష, పిల్లల చూపు, రెండు కళ్ల సమన్వయం, కాంటాక్ట్ లెన్స్, మందచూపు, కంటి జబ్బులు, సమాజ ఆరోగ్యం, అద్దాల తయారీ ఇలా.

నాలుగేళ్ల డిగ్రీలో పాఠాల వరుస సాధారణంగా ఇలా ఉంటుంది. మొదటి ఏడాది శరీర నిర్మాణం, శరీర ధర్మశాస్త్రం, బయోకెమిస్ట్రీ, కాంతి శాస్త్రం. రెండో ఏడాది కంటి కాంతిశాస్త్రం, అద్దాల శాస్త్రం, కంటి జబ్బులు, మందుల పరిచయం, పరీక్ష పద్ధతులు. మూడో ఏడాది కాంటాక్ట్ లెన్స్, మెల్లకన్ను, మందచూపు సహాయాలు, పిల్లలు, వృద్ధుల కంటి సంరక్షణ, ప్రజారోగ్యం. చివరి ఏడాది మొత్తం ఇంటర్న్‌షిప్.

ఇందులో పెద్ద మార్పు ఏంటంటే, క్లినిక్‌ను చివరి ఏడాదికి వదిలేయకుండా మొదటి నుంచే పాఠంతో కలపడం. మొదటి ఏడాది విద్యార్థి కూడా పేషెంట్‌తో ఎలా మాట్లాడాలి, పేరు, వయసు, సమస్య ఎలా రాయాలి అన్నది నేర్చుకుంటాడు. రెండో ఏడాదిలో రెటినోస్కోప్ పట్టుకుంటాడు. పరీక్షలు కూడా మారతాయి. పుస్తకంలోది రాస్తే సరిపోదు, పరీక్షకుడి ఎదుట పని చేసి చూపించాలి.

ఇంకో మార్పు కొత్త అవసరాలకు సంబంధించింది. పిల్లల్లో దూరపు చూపు మందగించే మయోపియా పెరుగుతోంది. షుగర్ ఉన్నవాళ్లలో రెటీనా దెబ్బతినడం ముందుగా గుర్తించాలి. రెటీనా ఫొటో తీసి దూరంలో ఉన్న డాక్టర్‌కు పంపే టెలీ వైద్యం వచ్చింది. పాత సిలబస్‌లో వీటికి చోటు తక్కువ. అలాగని కొత్త పాఠాలు కలుపుతూ పోతే గంటలు సరిపోవు. ఏది తీసేయాలో తేల్చడమే అసలు కష్టం. ఎందుకంటే తీసేసే ప్రతి పాఠం వెనక దాన్ని ఏళ్లుగా చెబుతున్న ఒక అధ్యాపకుడు ఉంటాడు.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

చాలా కాలేజీల్లో ప్రణాళిక దెబ్బతినేది పేషెంట్ల లెక్క దగ్గర. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఏడాదికి 60 సీట్ల కాలేజీ ఉందనుకోండి. మూడో ఏడాది 60 మంది, ఇంటర్న్‌షిప్‌లో 60 మంది, మొత్తం 120 మంది క్లినిక్‌లో ఉండాలి. ఒక్కొక్కరు రోజుకు నలుగురు పేషెంట్లను స్వయంగా చూడాలంటే 480 మంది పేషెంట్లు కావాలి. క్లినిక్‌కు రోజుకు 150 మందే వస్తే ఒక్కో విద్యార్థికి ఒకరికి మించి దొరకడం గగనమే. మిగతా సమయమంతా వెనక నిలబడి చూడాలి. చూడటం వేరు, చేయడం వేరు.

దీనికి రెండే పరిష్కారాలు. సీట్లు తగ్గించుకోవాలి, లేదంటే ఆస్పత్రులు, విజన్ సెంటర్లు, స్కూల్ క్యాంపులతో రాతపూర్వక ఒప్పందాలు చేసుకోవాలి. ఒప్పందం ఉన్నా అక్కడ పర్యవేక్షించే ఆప్టోమెట్రిస్ట్ ఉన్నాడా, లేక విద్యార్థిని జీతం లేని సేల్స్‌మన్‌గా కౌంటర్‌లో నిలబెడుతున్నారా అన్నది చూడాలి. ఇంటర్న్‌షిప్ పేరుతో ఫ్రేములు అమ్మిస్తే అది శిక్షణ కిందికి రాదు.

రెండో లెక్క డబ్బుది. ఇదీ ఊహా ఉదాహరణే. 60 సీట్లలో 40 నిండి, ఫీజు ఏడాదికి 80 వేలు అనుకుంటే ఒక బ్యాచ్ మీద వచ్చేది 32 లక్షలు. నెలకు 40 వేల జీతంతో ఆరుగురు అధ్యాపకులను పెడితే ఏడాదికి 28 లక్షల 80 వేలు జీతాలకే పోతుంది. మొదటి ఏడాది ఒక్క బ్యాచే ఉంటుంది. స్లిట్ ల్యాంపులు, ట్రయల్ లెన్స్ సెట్లు, టోనోమీటర్లు, లెన్సోమీటర్లు, ఫండస్ కెమెరా మాత్రం మొదట్లోనే కొనాలి. కాబట్టి మొదటి రెండు మూడేళ్లు సొంత పెట్టుబడి పెట్టగలిగే సంస్థే నిలబడుతుంది. లేనివాళ్లు అధ్యాపకులను తగ్గిస్తారు, పరికరాలు అద్దెకు తెచ్చి తనిఖీ రోజు చూపిస్తారు. ఆ భారం మళ్లీ విద్యార్థి మీదే పడుతుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడిన కాలేజీలకు ఇంకో సమస్య ఉంది. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే జీతాలు ఆగుతాయి, విద్యార్థుల సర్టిఫికెట్లు కూడా ఆగుతాయి. ప్రణాళికలో ఈ ఆలస్యాన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి.

బయటి దేశాల్లో ఏం జరిగింది?

అమెరికాలోని ఫిలడెల్ఫియా ఉదాహరణ తెలుసుకోదగ్గది. అక్కడ 1919లో డాక్టర్ అల్బర్ట్ ఫిచ్ ఒక ఆప్టోమెట్రీ కాలేజీ స్థాపించారు. తర్వాత దానికి పెన్సిల్వేనియా కాలేజ్ ఆఫ్ ఆప్టోమెట్రీ అనే పేరు స్థిరపడింది. 1978లో 'ది ఐ ఇన్‌స్టిట్యూట్' పేరుతో సొంత పెద్ద క్లినిక్ తెరిచారు. విద్యార్థులకు నిజమైన పేషెంట్లు, చుట్టుపక్కల బస్తీల వాళ్లకు కంటి వైద్యం రెండూ దొరికాయి. ఆ తర్వాత ఒక్క ఆప్టోమెట్రీ మీదే ఆధారపడకుండా వినికిడి వైద్యం, ఫిజీషియన్ అసిస్టెంట్ వంటి కోర్సులు కలుపుకుంటూ వెళ్లి, 2008లో సేలస్ యూనివర్సిటీగా మారింది. 2024లో డ్రెక్సెల్ యూనివర్సిటీలో కలిసిపోయింది. ఇప్పుడు డ్రెక్సెల్ కింద పాత పేరుతోనే ఆప్టోమెట్రీ కాలేజీ నడుస్తోంది.

వందేళ్లకు పైబడ్డ సంస్థ కూడా నిలబడటానికి రూపం మార్చుకోవాల్సి వచ్చింది. కానీ ప్రతి దశలోనూ కాలేజీ పేరు, క్లినిక్ రెండింటినీ వదులుకోలేదు. పాత విద్యార్థి డిగ్రీ విలువ పోకూడదంటే ఆ కొనసాగింపు అవసరం.

బ్రిటన్‌లో మార్పు పైనుంచి వచ్చింది. అక్కడ విద్యార్థి మొదట యూనివర్సిటీలో డిగ్రీ చేసి, ఆ తర్వాత విడిగా శిక్షణ ఏడాది పూర్తిచేయాల్సి వచ్చేది. 2021లో జనరల్ ఆప్టికల్ కౌన్సిల్ కొత్త నిబంధనలు తెచ్చింది. చదువు, క్లినిక్ శిక్షణ రెండూ కలిసి ఒకే అర్హతగా ఉండాలని, కనీసం 1,600 గంటలు, అంటే 48 వారాలు, పేషెంట్లతో పనిచేసిన అనుభవం అందులో ఉండాలని చెప్పింది. మొత్తం బాధ్యత చదువు చెప్పే సంస్థదే అయింది. యూనివర్సిటీలకు కూడా ఒక్కసారిగా కాకుండా, దశలవారీగా మారడానికి సమయం ఇచ్చారు.

మధ్యలో ఉన్న బ్యాచ్‌ల సంగతి

మార్పు జరిగేటప్పుడు ఎక్కువగా ఇబ్బంది పడేది మధ్యలో ఉన్న విద్యార్థులు. రెండో ఏడాదిలో ఉన్నవాళ్లకు కొత్త సిలబస్ పెడితే మొదటి ఏడాదిలో చదవని పాఠాలు మీద పడతాయి. పాతదే కొనసాగిస్తే బయటికొచ్చేసరికి గుర్తింపు ప్రశ్న వస్తుంది. ఒక సబ్జెక్టు ఫెయిలైన వాళ్లకు పాత సిలబస్‌లో సప్లిమెంటరీ ఎన్నేళ్లు పెడతారు అన్నది ఇంకో ప్రశ్న.

న్యాయమైన పద్ధతి ఏంటంటే, చేరిన రోజున ఉన్న నిబంధనలతోనే ఆ బ్యాచ్‌ను పూర్తిచేయనివ్వాలి. కొత్త ప్రమాణానికి తక్కువపడే గంటలు ఉంటే అదనపు క్లినిక్ శిక్షణతో పూరించాలి. దీనికి విడిగా ఫీజు వసూలు చేయకూడదు. ఈ ఏర్పాటు రాతపూర్వకంగా ఉండాలి. నోటిమాట హామీ యాజమాన్యం మారగానే మాయమవుతుంది.

డిప్లొమా చేసి ఏళ్లుగా పనిచేస్తున్న వాళ్లు కూడా ఉన్నారు. చేతి అనుభవం ఉంటుంది, డిగ్రీ ఉండదు. ఇలాంటివాళ్లకు రెండో ఏడాదిలో నేరుగా చేరే అవకాశం, సాయంత్రం లేదా వారాంతం తరగతులు ఉంటే ఉపాధి పోకుండా అర్హత పెంచుకోగలరు. అలాంటి దారి ఉందో లేదో యూనివర్సిటీ నిబంధనలు చూసి తెలుసుకోవాలి.

మన దగ్గర అవసరం ఎంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో కనీసం 220 కోట్ల మందికి చూపు సమస్య ఉంది. అందులో కనీసం 100 కోట్ల మందిది నివారించగలిగిన లేదా ఇంకా చికిత్స అందని సమస్య. చాలామందికి కావాల్సింది ఆపరేషన్ కూడా కాదు, ఒక సరైన చష్మా.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు కార్యక్రమం ఈ అవసరాన్ని కళ్లకు కట్టింది. 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడత మొదలుపెట్టి 1,500 బృందాలను పంపారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 10న అనంతపురంలో వైఎస్సార్ కంటి వెలుగు మొదలైంది. ఇంత పెద్ద క్యాంపులు నడపాలంటే చూపు పరీక్ష చేయగలిగిన వాళ్లు వేల సంఖ్యలో కావాలి. క్యాంపు అయిపోయాక వాళ్లకు శాశ్వత పోస్టులు ఎక్కడ అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. కాలేజీలు సీట్లు పెంచేటప్పుడు, ప్రభుత్వాలు పోస్టులు మంజూరు చేసేటప్పుడు రెండింటినీ కలిపి చూడాలి.

ఎల్వీ ప్రసాద్ సంస్థ పిరమిడ్ పద్ధతి ఇందుకు ఒక నమూనా. అట్టడుగున సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్, దానిపైన 5 లక్షల జనాభాకు ఒక సెకండరీ సెంటర్, ఆ పైన పెద్ద ఆస్పత్రులు. ఏ మెట్టుకు ఏ శిక్షణ ఉన్నవాళ్లు కావాలో ముందే లెక్క ఉంటుంది కాబట్టి చదువు, ఉద్యోగం రెండూ కలుస్తాయి.

హైదరాబాద్ పాత నగరం, నిజామాబాద్, ఆదిలాబాద్, కర్నూలు వంటి చోట్ల మరో అవసరం కూడా ఉంది. దగ్గరి చూపు పరీక్షకు చదివించే కార్డు రోగికి వచ్చిన భాషలో ఉండాలి. ఉర్దూ మాత్రమే చదవగలిగిన పెద్దాయనకు ఇంగ్లీష్ కార్డు ఇస్తే చూపు తెలియదు, చదువు రాకపోవడమే తెలుస్తుంది. తెలుగు, ఉర్దూ రెండూ మాట్లాడగలిగిన ఆప్టోమెట్రిస్ట్ ఉంటే పేషెంట్ తన సమస్యను వివరంగా చెబుతాడు. మహిళా ఆప్టోమెట్రిస్ట్ ఉంటే పరీక్షకు రావడానికి వెనకాడే ఆడవాళ్లు కూడా వస్తారు. కాలేజీ ప్రణాళికలో స్థానిక భాషలో మాట్లాడే శిక్షణ, బస్తీ క్యాంపులు, అమ్మాయిలకు హాస్టల్, బస్సు వంటివి ఉన్నాయో లేదో చూడటం అందుకే అవసరం.

చేరే ముందు అడగాల్సిన ప్రశ్నలు

అడ్మిషన్ కౌంటర్‌లో మొహమాటపడాల్సిన పని లేదు. ఈ ప్రశ్నలు అడగండి, జవాబు కాగితం మీద చూపించమనండి.

1. కోర్సు ఏ యూనివర్సిటీ కింద ఉంది? ఈ విద్యా సంవత్సరానికి అఫిలియేషన్ లేఖ ఉందా?
2. రాష్ట్ర కౌన్సిల్ నిబంధనల ప్రకారం కోర్సుకు, సీట్ల సంఖ్యకు అనుమతి స్థితి ఏంటి?
3. వచ్చేది డిగ్రీయా, డిప్లొమానా? మొత్తం ఎన్ని గంటల చదువు? ఇంటర్న్‌షిప్ ఎంత కాలం?
4. సొంత క్లినిక్ ఉందా? రోజుకు ఎంతమంది పేషెంట్లు వస్తారు? ఒక విద్యార్థి వాటా ఎంత?
5. బయటి ఆస్పత్రులతో ఒప్పందాలు రాతపూర్వకంగా ఉన్నాయా? అక్కడ పర్యవేక్షించేది ఎవరు?
6. అధ్యాపకుల్లో ఆప్టోమెట్రీలో పీజీ చేసినవాళ్లు ఎందరు? అందరూ పూర్తికాలం పనిచేసేవాళ్లేనా?
7. నాలుగేళ్లకు మొత్తం ఖర్చు ఎంత? పరీక్ష ఫీజు, యూనిఫాం, పరికరాల కిట్, ఇంటర్న్‌షిప్ ఫీజు విడిగా ఉన్నాయా?
8. ఈ-పాస్ ద్వారా ఫీజు రీయింబర్స్‌మెంట్ ఈ కోర్సుకు, ఈ కాలేజీకి వర్తిస్తుందా?
9. సిలబస్ మారితే మధ్యలో ఉన్న బ్యాచ్‌కు ఏ ఏర్పాటు ఉంది?
10. గత బ్యాచ్ విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు? వాళ్లలో ఇద్దరితో మాట్లాడే వీలుందా?

పదింటికీ జవాబు చెప్పగలిగిన కాలేజీకి ప్రణాళిక ఉన్నట్టే, దాని పేరు ఏదైనా సరే. మూడు నాలుగింటి దగ్గరే తడబడితే, 'ఈ రోజే సీటు బ్లాక్ చేసుకోండి' అని తొందరపెడితే, ఫీజు కట్టే ముందు ఇంకో కాలేజీ గడప తొక్కడం మంచిది. కన్ను పరీక్షించే పని నేర్పే చోట మొదట చూడాల్సింది ఆ కాలేజీ తన లెక్కలను ఎంత స్పష్టంగా చూపిస్తోందన్నదే.